సముద్ర తాబేలు తిండి, ప్లవకాల సంగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి వచ్చిందంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మార్చి, ఏప్రిల్ కల్లా పిల్లలు సముద్రంలోకి పాకే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. వాటి వెనకే ప్రశ్నలూ వస్తాయి. నన్ను ఎక్కువమంది అడిగేది తిండి గురించే. అది తీగ లాగితే డొంక కదిలే ప్రశ్న. తాబేలు పీతను తింటుంది, పీత ఇంకోదాన్ని తింటుంది, అది మరోదాన్ని. అలా పోతే చాలా దారులు కంటికి ఆనని ప్లవకాల దగ్గరే తేలతాయి. అందుకే రెండు సంగతులూ ఒకేచోట రాస్తున్నాను.

సముద్ర తాబేళ్లన్నీ ఒకే తిండి తింటాయా?

తినవు. ప్రపంచంలో సముద్ర తాబేళ్లు 7 జాతులు. మన దేశపు నీళ్లలో 5 కనిపిస్తాయి: ఆలివ్ రిడ్లే, ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లాగర్‌హెడ్, లెదర్‌బ్యాక్. మిగతా రెండింటిలో కెంప్స్ రిడ్లే ఎక్కువగా మెక్సికో వైపు, ఫ్లాట్‌బ్యాక్ ఆస్ట్రేలియా చుట్టుపక్కల ఉంటాయి. ఏ తాబేలుకూ పళ్లుండవు, చిలక ముక్కులాంటి గట్టి మూతి ఉంటుంది. ఆ మూతి ఆకారం చూసి దాని తిండేమిటో చాలావరకు చెప్పెయ్యొచ్చు.

మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే ఏం తింటుంది?

దొరికింది తింటుంది. పీతలు, రొయ్యలు, నత్తలు, జెల్లీఫిష్, చిన్న చేపలు, చేప గుడ్లు, అప్పుడప్పుడు నాచు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ల పొట్టలు కోసి చూస్తే పీత డెక్కలు, నత్త గుల్లల ముక్కలు మామూలుగా కనిపిస్తాయి. పెద్దది 35 నుంచి 45 కిలోలు తూగుతుంది, వీపు చిప్ప 60, 70 సెంటీమీటర్లు. సముద్ర తాబేళ్లలో చిన్న జాతుల్లో ఇదొకటి. అలాగని నీళ్ల పైపైనే తిరుగుతుందనుకోవద్దు. పీతల కోసం వంద మీటర్లకు పైగా లోతుకు దిగి అడుగున వెతుక్కుంటుంది. నడి సముద్రంలో ఉన్నప్పుడు మాత్రం పైన తేలే జెల్లీలాంటి మెత్తటి జీవుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఈ "దొరికింది తినడం" వల్లే ఈ జాతి మిగతావాటికంటే ఎక్కువ సంఖ్యలో నిలబడిందని నాకనిపిస్తుంది. ఒడిశాలోని గహీర్‌మఠా, రుషికుల్యల్లో ఒకేసారి లక్షల్లో ఒడ్డెక్కే తాబేళ్లు ఇవే. ఒకే తిండిని నమ్ముకున్న ప్రాణి ఇంత మందగా బతకడం కష్టం.

ఆకుపచ్చ తాబేలు శాకాహారా?

పెద్దయ్యాక దాదాపు అవుననే చెప్పాలి. సముద్రపు గడ్డి, నాచు దాని తిండి. మూతి అంచు చిన్న రంపంలా ఉంటుంది, గడ్డిని కొరికి తెంపడానికి సరిగ్గా సరిపోతుంది. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం చిన్న చిన్న జంతువుల్నీ తింటుంది. ఇంకో సంగతి, పేరు చూసి వీపు ఆకుపచ్చగా ఉంటుందనుకుంటారు. ఆ రంగు లోపలి కొవ్వుది. జీవితమంతా గడ్డి తిన్న ఫలితం.

మేత ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే లక్షద్వీప్ వెళ్లాలి. అక్కడి అగత్తి దీవి చుట్టూ ఉన్న లోతు తక్కువ మడుగులో ఆకుపచ్చ తాబేళ్లు బాగా పెరిగి, గడ్డి నేలను గొర్రెల మంద మేసినట్టు మేసేశాయి. ఆ గడ్డిలో పెరిగే చేపలు తగ్గాయి. తాబేళ్లవల్లే మా చేపలు పోయాయని అక్కడి మత్స్యకారులు కోపంగా ఉన్నారు. తాబేళ్లను కాపాడాలనే మనం ఈ వైపు కథ కూడా వినాలి. వాళ్ల మాటలో నిజముందని అక్కడ పరిశోధన చేసినవాళ్లూ రాశారు. అలాగని తాబేళ్లదే తప్పనడానికీ లేదు. వాటిని వేటాడే సొరచేపల్ని మనం ముందే ఖాళీ చేసి కూర్చున్నాం.

హాక్స్‌బిల్, లాగర్‌హెడ్ సంగతేమిటి?

హాక్స్‌బిల్ మూతి డేగ ముక్కులా సన్నగా వంగి ఉంటుంది. పగడపు దిబ్బల సందుల్లోకి దాన్ని దూర్చి స్పాంజీలు పీకి తింటుంది. చాలా స్పాంజీల ఒంట్లో గాజు ముళ్లలాంటివి ఉంటాయి, కొన్నింటిలో విషమూ ఉంటుంది. ఇంకే జంతువూ పెద్దగా ముట్టని తిండి అది. ఆ విషం తాబేలు మాంసంలోకి చేరుతుందని అంటారు, హాక్స్‌బిల్ మాంసం తిని మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి.

లాగర్‌హెడ్ తల పెద్దది, దవడలు బండవి. శంఖాల్ని, పీతల్ని చెరుకు నమిలినట్టు నమిలేస్తుంది.

అన్నిటికంటే పెద్దదైన లెదర్‌బ్యాక్ ఏం తింటుంది?

జెల్లీఫిష్. నమ్మబుద్ధి కాదు. ఐదొందల కిలోలు దాటి పెరిగే ప్రాణి ఇది. 1988లో బ్రిటన్‌లోని వేల్స్ తీరానికి కొట్టుకొచ్చిన ఒక మగ తాబేలు 916 కిలోలు తూగింది. ఆ ఒళ్లంతా నూటికి 95 పాళ్లు నీళ్లే ఉండే జెల్లీఫిష్‌తో ఎలా పెరిగింది?

లెక్క తేలేది పరిమాణంలోనే. కెనడా అట్లాంటిక్ తీరంలో పరిశోధకులు లెదర్‌బ్యాక్‌ల వీపులకు కెమెరాలు అంటించి అవి తినే జెల్లీఫిష్‌లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. సగటున రోజుకు 330 కిలోలు, అంటే వాటి బరువులో ముప్పావు వంతుకు దగ్గర. అరవై కిలోల మనిషి రోజుకు 45 కిలోల పుచ్చకాయ తిన్నట్టు.

జారిపోయే తిండిని పట్టుకోవడానికి దాని గొంతులో ఏర్పాటుంది. నోటి నుంచి పొట్టదాకా వేలెడు పొడవు ముళ్లు, అన్నీ లోపలికే తిరిగి ఉంటాయి. మింగిన నీళ్లు బయటికి పోతాయి, జెల్లీ లోపలే ఉండిపోతుంది. ఆ గొంతు ఫొటో చూసినవాళ్లు రాత్రి నిద్రపోరు. మన దేశంలో లెదర్‌బ్యాక్ గుడ్లు పెట్టేది అండమాన్ నికోబార్ దీవుల్లో. గ్రేట్ నికోబార్‌లోని గలాతియా తీరం అందులో ముఖ్యమైనది.

గుడ్లు పెట్టేటప్పుడు తాబేలు ఏడుస్తుందంటారు, నిజమేనా?

కన్నీళ్లు నిజం, ఏడుపు కాదు. ఉప్పు నీళ్లతో కలిపి ఉప్పటి తిండి తినే ప్రాణి ఆ ఉప్పును ఎలాగో బయటికి పంపాలి. మూత్రపిండాలు ఆ పని మొత్తం చెయ్యలేవు. అందుకే కళ్ల దగ్గర ఉప్పు గ్రంథులుంటాయి. సముద్రంలో ఉన్నంతసేపూ ఆ ఉప్పు నీరు కారుతూనే ఉంటుంది, మనకు కనపడదు. ఒడ్డెక్కినప్పుడు మాత్రం ఇసుక అంటిన చెంపల మీద జిగటగా చారలు కడుతుంది. జెల్లీఫిష్‌తో పాటు అంత ఉప్పూ మింగే లెదర్‌బ్యాక్‌కైతే ఈ గ్రంథులు మెదడుకంటే పెద్దవి.

ప్లవకాలంటే అసలేమిటి?

ఈదే బలం లేక, నీటి ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోయే జీవులన్నీ ప్లవకాలే. ప్లవం అంటే తేలేది, పడవ. 2021 ఉగాదికి మొదలైన సంవత్సరం పేరు ప్లవ, గుర్తుందా? ఆ మాటే ఇది. ఇంగ్లీషువాళ్లు వాడే ప్లాంక్టన్ అన్న పేరును 1887లో విక్టర్ హెన్సన్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టాడు. గ్రీకులో దానికి దేశదిమ్మరి అని అర్థం.

వీటిలో రెండు పెద్ద వర్గాలు. ఎండతో తిండి తయారుచేసుకునేవి వృక్ష ప్లవకాలు. వాటిని తినేవి, ఒకదాన్నొకటి తినేవి జంతు ప్లవకాలు. చిన్నవన్నీ ప్లవకాలు, పెద్దవన్నీ కావు అనుకోవడం పొరపాటు. మీటరు వెడల్పున్న జెల్లీఫిష్ కూడా ప్లవకమే. ప్రవాహానికి ఎదురు ఈదగలదా లేదా అన్నదే కొలత.

డిగ్రీలో ఉండగా మమ్మల్ని భీమిలి తీరానికి తీసుకెళ్లారు. పడవ వెనక సన్నటి నేతగుడ్డ సంచి ఒకటి కట్టి పది నిమిషాలు లాగారు. సంచి చివర సీసాలో చేరింది చూస్తే పల్చటి గంజిలా ఉంది. ఇంతేనా అనుకున్నాం. తిరిగొచ్చాక ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టారు. గాజు డబ్బీల్లాంటి వృక్ష ప్లవకాలైన డయాటమ్‌లు, కొన్ని గొలుసులు గొలుసులుగా అతుక్కుని ఉన్నాయి. వాటి మధ్య ఒంటికంటి కోపిపాడ్ అనే జంతు ప్లవకం ఒకటి, నువ్వుగింజలో సగం ఉంటుందేమో, మీసాలు ఒక్క విదిలింపు విదిలించి అద్దం దాటి పోయింది. దాని పొట్టలో ఆకుపచ్చగా మెతుకు కనపడింది. గంజి అనుకున్నది ఒక ఊరు.

మరి తాబేలు ప్లవకాలు తింటుందా, తినదా?

తింటుంది, కాకపోతే మూడు రకాలుగా. జెల్లీఫిష్ ప్లవకమే కాబట్టి లెదర్‌బ్యాక్ పూర్తిగా ప్లవకాల మీద బతికే ప్రాణి. ఆలివ్ రిడ్లే కొంత నేరుగా, ఎక్కువ చుట్టుదారిన తింటుంది. అడుగున తిరిగే పీత పైనుంచి రాలిపడే ప్లవకాల మడ్డి మీదా, ఆ మడ్డి తినే పురుగుల మీదా పెరుగుతుంది. పైగా పీత, రొయ్య, నత్త పుట్టగానే కొన్ని వారాలపాటు ప్లవకాలుగానే తేలి, ఆ తర్వాతే అడుగుకు చేరతాయి. మూడోది, పసితనంలో ప్రతి సముద్ర తాబేలూ ఏదో ఒక ప్లవకాన్ని తినే పెరుగుతుంది, ఆకుపచ్చ తాబేలుతో సహా.

పిల్ల తాబేళ్లు సముద్రంలోకి వెళ్లాక ఏం తింటాయి?

మొదటి కొన్ని రోజులు ఏమీ తినకపోయినా బతుకుతాయి. గుడ్డులోంచి వచ్చేటప్పుడే మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుని వస్తాయి. అప్పుడే ఇసుకలోంచి బయటపడ్డ పిల్లను తిరగేసి చూస్తే బొడ్డు దగ్గర సొన అతుక్కున్న గుర్తు కనిపిస్తుంది. ఆ ఇంధనంతో ఒక రోజు పైగా ఆగకుండా ఈదుకుంటూ ఒడ్డుకు దూరంగా వెళ్లిపోతాయి. గద్దలు, కాకులు, కుక్కలు, ఒడ్డు దగ్గరి చేపలు, అందరి నోళ్లూ తప్పించుకోవాలంటే అదే దారి.

అక్కడినుంచి అవి ప్రవాహాల చేతిలో ఉంటాయి. రెండు ప్రవాహాలు కలిసేచోట నాచు, ఆకులు, కొయ్య ముక్కలు, నురుగు పోగవుతాయి. మన మత్స్యకారులకు ఆ గీత బాగా తెలుసు, దాని కింద చేప ఉంటుందని వెతుక్కుంటూ వెళ్తారు. పిల్ల తాబేళ్లకూ అదే ఇల్లు. కోపిపాడ్‌లు, చేప గుడ్లు, బుల్లి రొయ్యలు, చిన్న జెల్లీలు, నీటిలో పడ్డ పురుగులు తింటూ ఏళ్ల తరబడి గడుపుతాయి. ఈ కాలంలో అవి ఎక్కడెక్కడ తిరుగుతాయో చాలాకాలం ఎవరికీ అంతు చిక్కలేదు. అందుకే శాస్త్రవేత్తలు దానికి "తప్పిపోయిన ఏళ్లు" అని పేరు పెట్టుకున్నారు. ఒక లెక్కన ఆ వయసులో తాబేలు పిల్ల కూడా సగం ప్లవకమే.

మనం పీల్చే ఆక్సిజన్‌లో సగం ప్లవకాలదే అంటారు. అవునా?

సగం నిజం. భూమ్మీద ఎండతో జరిగే తిండి తయారీలో దాదాపు సగం సముద్రంలో జరుగుతుంది. ఆ పని ఎక్కువగా వృక్ష ప్లవకాలదే. ఆశ్చర్యం ఏమిటంటే, భూమ్మీదున్న మొత్తం మొక్కల బరువులో వాటి వాటా నూటికి ఒక పాలు కూడా ఉండదు. చెట్టులా వందేళ్లు నిలబడకుండా రోజుల్లో పుట్టి, పెరిగి, ఎవరి నోట్లోనో పడిపోతాయి కాబట్టే అంత తక్కువ బరువుతో అంత పని.

అయితే "ప్రతి రెండో శ్వాస సముద్రం ఇచ్చిందే" అని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. సముద్రం తయారుచేసిన ఆక్సిజన్‌ను దాదాపు అంతా సముద్రంలోని జీవులే వాడేసుకుంటాయి. మనం పీలుస్తున్నది కోట్ల ఏళ్లుగా కొద్దికొద్దిగా మిగిలి పోగుపడ్డ నిల్వ. దాన్ని మొదలుపెట్టింది మాత్రం ప్లవకాల తాతముత్తాతలే. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు గాలిలోకి ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాయి. వాటి బంధువు ఒకటి, ప్రోక్లోరోకాకస్, ఈరోజుకీ వెచ్చటి సముద్రాల్లో మిల్లీలీటరుకు లక్షదాకా ఉంటుంది. అంత ఉన్నా, అది ఉందన్న సంగతే 1980లదాకా ఎవరికీ తెలీదు. అంత చిన్నది.

రొయ్యల చెరువుల్లో ప్లాంక్టన్ అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

ఒకటే జాతి వ్యవహారం. భీమవరం, కైకలూరు వైపు రైతులకు ఈ పేజీలో సగం చెప్పనక్కర్లేదు. పొద్దున్నే గట్టు మీద నిలబడి నీటి రంగు చూసి, ప్లాంక్టన్ బాగుందో పడిపోయిందో చెప్పేస్తారు. లేత ఆకుపచ్చ, లేత గోధుమ రంగు అయితే నిశ్చింత. ముదురు ఆకుపచ్చకు తిరిగితే టెన్షన్.

పైన చెప్పిన ఆక్సిజన్ లెక్క కళ్లారా చూడాలంటే కూడా చెరువే మంచి చోటు. పగలంతా ఎండకు ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఎండ ఉండదు, అదే ప్లాంక్టన్ ఊపిరి పీల్చుకుంటూ ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది. అందుకే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అన్నిటికంటే తక్కువకు పడేది తెల్లవారుజామున. ఆ వేళకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, రైతు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వేయడానికి పరిగెడతాడు. మబ్బు పట్టిన రోజుల్లో ఇంకా కష్టం. ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోతే, కుళ్లేటప్పుడు ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా పోతుంది. సముద్రంలోనూ ఇంతే. కాకపోతే అక్కడ ఏరేటరు వేసే నాథుడు లేడు.

బంగాళాఖాతంలో ప్లవకాలు తక్కువంటారు, ఎందుకని?

అరేబియా సముద్రంతో పోలిస్తే తక్కువే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని నదులొచ్చి కలుస్తుంటే ఎరువుకు లోటేమిటని అనిపిస్తుంది. చిక్కు ఆ నీళ్లతోనే. మంచినీరు తేలిక, ఉప్పు నీరు బరువు. నదుల నీరు పైన మూతలా పరుచుకుంటుంది. కింద చల్లటి నీళ్లలో ఉన్న పోషకాలు ఆ మూత దాటి పైకి రావాలంటే గట్టి గాలి కావాలి. అరేబియా సముద్రం మీద వీచినంత గట్టి గాలి ఇక్కడ లేదు. వానాకాలంలో మబ్బులు, నదుల బురద కలిసి ఎండను కూడా అడ్డుకుంటాయి.

మన తీరానికి మాత్రం చిన్న మినహాయింపు ఉంది. వేసవిలో నైరుతి నుంచి గాలి తీరం వెంబడి వీస్తుంది. భూమి తిరగడంవల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే ఒడ్డు నుంచి సముద్రం లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి కిందినుంచి చల్లటి నీరు పోషకాలతో సహా లేస్తుంది. విశాఖ దగ్గర ఇలా జరగడాన్ని 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వివరించాడు. తుఫాన్లు కూడా ఆ పనే మోటుగా చేస్తాయి. తుఫాను పోయిన కొన్ని రోజులకు, అది వెళ్లిన దారిలో సముద్రం పచ్చబడటం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది.

కంటికి కనపడని ప్లవకాల్ని ఉపగ్రహం ఎలా చూస్తుంది?

ఒక్కటి కనపడదు, కోట్లు కలిస్తే నీటి రంగు మారుతుంది. వృక్ష ప్లవకాల్లోని పత్రహరితం నీలం, ఎరుపు కాంతిని పీల్చుకుని ఆకుపచ్చను వదిలేస్తుంది. గట్టు మీది రైతు చేసే పనినే ఉపగ్రహం కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునుంచి చేస్తుందన్నమాట. ఇస్రో ఇందుకోసం 1999 మేలో ఓషన్‌శాట్‌ను పంపింది. ఆ వరసలో ఓషన్‌శాట్‌-3 2022 నవంబరు 26న వెళ్లింది. రెండూ శ్రీహరికోట నుంచే. ఆ దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లేలు గుడ్లు కూడా పెడతాయి. ప్లవకాల్ని చూసే యంత్రం, వాటి మీద బతికే ప్రాణి ఒకే తీరంనుంచి బయల్దేరడం నాకు భలే ఇష్టమైన సంగతి.

ఆ సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌కు చేరుతుంది. అది సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. వాళ్లు పత్రహరితం ఎక్కడ ఎక్కువుంది, నీటి వేడి ఎక్కడ చటుక్కున మారుతోంది చూసి, చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలుగులోనూ చెబుతారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రంలో చేప ఎక్కడుందో చెప్పడం వింతగా ఉంటుంది గానీ, పనిచేస్తుంది.

మనం తినే చేపలకూ ప్లవకాలకూ సంబంధం ఉందా?

పులస తిన్నారా? అయితే ప్లవకాలు తిన్నట్టే. వానాకాలంలో గోదావరికి ఎదురెక్కే ఆ చేప సముద్రంలో పెరిగింది ప్లవకాలు తినే. కవ్వళ్లు, నెత్తళ్లు కూడా అంతే. వాటిని వంజరం తింటుంది, వంజరాన్ని మనం తింటాం. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లేసరికి నిలిచేది సుమారు పదో వంతే. కిలో వంజరం వెనక కొన్ని వందల కిలోల ప్లవకాలు ఖర్చయ్యాయని ఊహించుకోండి. తిమింగల సొర ఈ మెట్ల గొడవ లేకుండా నేరుగా ప్లవకాలే వడగట్టుకుని తింటుంది. ప్రపంచంలో అతి పెద్ద చేప కావడానికి అదొక కారణం.

రాత్రిపూట ప్లవకాలు పైకొస్తాయంటారు. నిజమేనా?

అవును, రోజూ. పగలు వందల మీటర్ల లోతున చీకట్లో దాక్కున్న జంతు ప్లవకాలు పొద్దు గూకగానే పైకొచ్చి మేసి, తెల్లారేలోపు దిగిపోతాయి. భూమ్మీద జరిగే అతి పెద్ద వలస ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో శబ్దంతో లోతు కొలుస్తుంటే, సముద్రం అడుగే పొద్దునొకచోట రాత్రొకచోట ఉన్నట్టు కనిపించి నావికులు తికమకపడ్డారు. అది అడుగు కాదు, ఈ జీవుల గుంపు.

ఇలా దిగేటప్పుడు అవి పైన తిన్నదాన్ని కింద విసర్జిస్తాయి. చచ్చిన ప్లవకాలూ రాలుతుంటాయి. గాలిలోంచి తీసుకున్న బొగ్గుపులుసు వాయువులో కొంత ఈ విధంగా లోతుకు చేరి వందల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. ఇంకా అడుగుకు చేరి, కోట్ల ఏళ్లు నలిగి ఉడికిన పాత ప్లవకాలే ఇప్పుడు మన బండ్లలో పోసుకునే పెట్రోలు.

రాత్రి అలలు నీలంగా మెరవడం కూడా ప్లవకాల పనేనా?

అవును. నాక్టిలూకా అనే ఒంటికణ జీవి నీరు కదిలితే మెరుస్తుంది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలా మెరిస్తే జనం అర్ధరాత్రి కార్లేసుకుని వెళ్లారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, అది మరీ ఎక్కువైతే చేపలకు మంచిది కాదు.

సముద్రం దగ్గరికి వెళ్లగానే వచ్చే ఆ వాసన కూడా చాలావరకు ప్లవకాల్లోంచి పుట్టే ఒక గంధకపు వాయువుదే. లాగర్‌హెడ్ తాబేళ్లు ఆ వాసనను పసిగట్టగలవని ప్రయోగాల్లో తేలింది. ప్లవకాలు ఎక్కువున్నచోట తిండి ఉంటుంది కదా.

తాబేళ్లు ప్లాస్టిక్ ఎందుకు తింటాయి? అంత తెలివి లేదా?

నీటిలో తేలే క్యారీ బ్యాగును కింద నుంచి చూస్తే జెల్లీఫిష్‌కూ దానికీ తేడా తెలియదు. వాసన కూడా మోసం చేస్తుంది. కొన్ని రోజులు సముద్రంలో నానిన ప్లాస్టిక్ మీద నాచు, సూక్ష్మజీవులు పేరుకుని తిండి వాసనే వస్తుంది. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో లాగర్‌హెడ్‌లు శుభ్రమైన ప్లాస్టిక్ వాసనను పట్టించుకోలేదు, నానినదానికి మాత్రం తిండి దొరికినట్టే మూతి చాపాయి. మింగాక కక్కడానికి లేదు. గొంతులో లోపలికి తిరిగిన ముళ్ల సంగతి పైన చెప్పాను కదా, జెల్లీఫిష్‌ను జారనివ్వని ఏర్పాటే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్ట్రేలియాలో చనిపోయిన తాబేళ్లను పరీక్షించినవాళ్లు 14 ముక్కలు మింగితే చావుకు సగం అవకాశం ఉందని 2018లో లెక్కగట్టారు.

పిల్ల తాబేళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ప్రవాహాలు కలిసే ఆ గీతల దగ్గర ప్లవకాలతోపాటు పోగయ్యేది ప్లాస్టిక్కే.

చలికాలంలో ఒడ్డుకు చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. ప్లాస్టిక్ వల్లేనా?

మన తీరంలో పెద్ద కారణం ట్రాల్ వలలు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. అడుగున పీతలు, రొయ్యల కోసం దిగిన చోటే రొయ్యల కోసం ట్రాల్ వల కూడా ఈడుస్తారు. వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. వలలో పెట్టే టెడ్ అనే ఇనుప చట్రం ఉంటే తాబేలు పక్క దారిలో బయటపడుతుంది. దాన్ని పెడితే కొంత రొయ్య కూడా జారిపోతుందని బోట్లవాళ్ల బాధ. టెడ్ వాడకపోవడం వల్లే సముద్రంలో పట్టిన మన రొయ్యల్ని అమెరికా 2019 నుంచి తీసుకోవడం లేదు. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు.

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి మధ్య. అంటే తల్లులు వచ్చి వెళ్లాకే నిషేధం మొదలవుతుంది. ఒడిశాలో గుడ్లు పెట్టే తీరాల దగ్గర నవంబరు నుంచి మే దాకా విడిగా నిషేధం ఉంది. మన దగ్గర కూడా కనీసం కొన్ని చోట్ల అలా ఆలోచించాలన్నది నా అభిప్రాయం.

శ్రీకూర్మం గుడిలో ఉండేవి ఈ తాబేళ్లేనా?

కావు. అవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద తిరిగి ఆకులూ గడ్డీ తినేవి. వాటివి ఏనుగు కాళ్లలాంటి మొద్దు కాళ్లు, రెక్కల్లాంటి తెడ్లు ఉండవు. ఎవరైనా ప్రేమకొద్దీ సముద్రంలో వదిలితే మునిగి చనిపోతాయి.

తాబేళ్లు తగ్గితే జెల్లీఫిష్ పెరిగిపోతాయా?

కొంత నిజం ఉండొచ్చు గానీ మొత్తం నేరం దాని మీద వెయ్యలేం. జెల్లీఫిష్‌ను తినే చేపల్ని, వాటితో తిండికి పోటీపడే కవ్వళ్లలాంటి చేపల్ని కూడా మనం తోడేస్తున్నాం. నీరు వేడెక్కుతోంది. జెల్లీఫిష్ పెరిగితే అవి చేప గుడ్లను, పిల్లల్ని, జంతు ప్లవకాల్ని ఊడ్చేస్తాయి. చెన్నై దగ్గర కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో సముద్రపు నీరు లోపలికి తీసుకునే చోట జెల్లీఫిష్ గుంపులు వచ్చి అడ్డుపడటం పాత తలనొప్పి.

ఒడ్డున పిల్ల తాబేలు కనిపిస్తే ఏం తినిపించాలి?

ఏమీ పెట్టొద్దు. అన్నం మెతుకులు, బిస్కట్, రొయ్య పొట్టు ఏదీ వద్దు. పొట్టలో సొన ఉంది, ఆకలి లేదు. బకెట్ నీళ్లలో వేసి ఇంటికి తేవద్దు. అందులో ఈదీ ఈదీ సముద్రం దాటడానికి దాచుకున్న బలమంతా అక్కడే ఖర్చు పెట్టేస్తుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. చేత్తో ఎత్తి నీళ్లలోకి విసరకండి. ఇసుక మీద తనంతట తాను నడవనివ్వండి. కుక్కల్ని, కాకుల్ని అదిలించి పక్కన నిలబడితే చాలు. రాత్రయితే సెల్ టార్చ్, బైక్ లైటు ఆర్పెయ్యండి. అది వెలుతురున్న వైపే సముద్రం అనుకుంటుంది, మీ లైటు చూసి రోడ్డెక్కుతుంది. కదలకుండా పడి ఉంటే నీడలో తడి ఇసుక మీద ఉంచి అటవీ శాఖవాళ్లకు ఫోన్ చెయ్యండి. దగ్గర్లో గుడ్లను కాపాడే హేచరీ ఉంటే అక్కడి కాపలాదారును పిలవడం ఇంకా తేలిక, రాత్రంతా మేలుకునే ఉంటాడు.